సింధూ, ఆ 30 రోజులు ఎందుకు వదిలేశావ్?

సింధూ,

యాప్‌లో వెయ్యాలని నువ్వు రాస్తున్న ప్రేమ సీరియల్ ఫైల్ మొత్తం చదివా. ఫోన్‌లో చదివితే కళ్లు లాగేస్తున్నాయని కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని మరీ చదివా, అందుకే ఇంత లేటు. ముందు ఈ మేడమ్ అనడం మానెయ్, మీ అమ్మ వయసుదాన్ని, పిన్నీ అను చాలు.

బాగున్నవి ముందు చెప్తా. ఎస్సార్ నగర్ హాస్టల్ చాలా బాగా రాశావ్. పొద్దున్నే గీజర్ నీళ్లు ఎవరు ముందు పట్టుకుంటారనే గొడవ, టెర్రస్ మీద ఆరేసిన చున్నీ పక్కింటి డాబా మీద పడటం, నీ హీరోయిన్ గ్రేస్ దాన్ని అడగడానికి వెళ్తే హీరో రఘు ఫోన్ విప్పుకుని కూర్చుని ఉండటం, స్క్రూలన్నీ స్టీలు గిన్నెలో వేసి పెట్టుకోవడం... ఇవి చూసినవాళ్లే రాయగలరు. ఆ గిన్నె చూడగానే నాకు రఘు మీద నమ్మకం కుదిరింది. అబ్బాయి ఎంత అందంగా ఉన్నాడో నువ్వు అర పేజీ రాశావ్ గానీ అది చదివి కాదు సుమా.

ఇక తిట్లు. సర్వీస్ సెంటర్‌లో ఫోన్లు బాగుచేసే ఆ రఘు ఎనిమిదో ఎపిసోడ్‌కి కోటీశ్వరుడి కొడుకని తేలాడేంటమ్మా? ఎందుకో నాకు తెలుసులే, యాప్‌లో టాప్‌లో ఉన్న సీరియల్స్ అన్నీ సీఈవోలు, కాంట్రాక్ట్ పెళ్లిళ్లు, చూసి భయపడ్డావ్. నేనేం వెక్కిరించట్లేదు, మా కాలంలోనూ ఆరడుగుల హీరోలు, పొడుగాటి కార్లు తక్కువేం లేవు, అద్దె పుస్తకాల షాపులో అట్ట చిరిగి కుట్లు వేసిన నవలలు వరసకట్టి తెచ్చుకుని చదివాం. కానీ ఒక్కటి గమనించు, యద్దనపూడి సులోచనారాణి గారి పేరు చెప్పగానే అందరికీ కార్లూ మేడలూ గుర్తొస్తాయి గానీ ‘సెక్రటరీ’లో అన్ని పేజీలు కథని లాక్కెళ్లింది హీరో రాజశేఖరం డబ్బు కాదు, హీరోయిన్ జయంతి ఆత్మాభిమానం. ఆ పిల్ల కాస్త మెత్తబడి ఉంటే నవల పాతిక పేజీల్లో అయిపోయేది. ప్రేమ నవలలో ప్రేమ పుట్టించడం సులువే, ఎవరైనా పుట్టిస్తారు. ఇద్దరూ ఇష్టపడ్డాక కూడా రేపే ఎందుకు కలవలేరో పాఠకురాలు నమ్మేలా చెప్పగలగాలి, నా లెక్కలో మన పనంతా అక్కడే ఉంది. డబ్బున్న హీరోతో వచ్చిన చిక్కేంటంటే వాడు ఆ అడ్డుల్ని చెక్కు రాసి తీసేస్తాడు. నీ పదో ఎపిసోడ్‌లో జరిగింది అదే కదా.

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చిన చోటు. గ్రేస్‌ది సత్తెనపల్లి దగ్గర ఊరు, క్రిస్టియన్. రఘుది హనుమకొండ, హిందూ. ఇద్దరూ ఎవరి మతంలో వాళ్లు ఉండే పెళ్లి చేసుకోవాలనుకున్నారు, అంతవరకు బాగానే ఉంది. పన్నెండో ఎపిసోడ్‌లో హాస్టల్ నుంచి ఆటో ఎక్కి రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి మధ్యాహ్నానికల్లా దండలు మార్చుకుని బిర్యానీ తిన్నారు. అలా కుదరదమ్మా! చర్చి పెళ్లి వేరే దారి, గుళ్లో పెళ్లి వేరే దారి, నువ్వు రాసిన దారి 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటిస్తారు, అభ్యంతరాలకి 30 రోజులు టైమ్ ఉంటుంది, అది దాటాకే పెళ్లి. ఆరోజు ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. అంతకంటే ముఖ్యమైంది, ఇద్దర్లో ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఆ నోటీసు కాపీ ఆ జిల్లా ఆఫీసుకి కూడా వెళ్తుంది, అక్కడా అంటిస్తారు.

నేను తప్పులు ఎంచుతున్నానని చిన్నబుచ్చుకోకు, నువ్వు ఏం పారేసుకున్నావో చూపిస్తున్నా. గ్రేస్ ఇంట్లో చెప్పలేదు. హైదరాబాద్‌లో సంతకం పెట్టి వచ్చింది. ఇప్పుడు ఆ కాగితం వాళ్ల ఊరి వైపు బయల్దేరింది. అక్కడి ఆఫీసుకి రోజూ ఎవరెవరు వస్తారు? పొలం రిజిస్ట్రేషన్‌కి వచ్చినవాళ్లు, ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ కాగితం కోసం వచ్చినవాళ్లు, బయట చెట్టుకింద బల్ల వేసుకున్న డాక్యుమెంట్ రైటర్లు. సర్వర్ డౌన్ అయితే చేసే పనేం ఉంటుంది, బోర్డు మీద ఉన్నవన్నీ చదువుతారు. వాళ్లలో గ్రేస్ వాళ్ల నాన్నతో కలిసి మిరపకాయల లారీ మాట్లాడుకునే మనిషి ఒకడు ఉన్నాడనుకో. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడా, పెద్దమనిషి తరహాలో కడుపులో పెట్టుకుని ఊరుకుంటాడా? తల్లికి ముందు తెలిసి తండ్రికి తెలియకుండా ఆవిడ వారం రోజులు వంట ఎలా చేసి ఉంటుంది? ఇటు గ్రేస్ ప్రతి ఫోన్ కాల్‌కీ ఇదే ఆ కాల్ అనుకుని ఎత్తుతుంది, అమ్మ మాత్రం అన్నం తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది. తెలుసా తెలీదా? ఇంకో సంగతి, వాళ్లకి ఇష్టం లేకపోవడం చట్టం దృష్టిలో అభ్యంతరమే కాదు, అప్పటికే పెళ్లయి ఉండటం, వయసు చాలకపోవడం, దగ్గరి రక్తసంబంధం, మానసిక స్థితి, ఇలాంటివే లెక్క. అంటే చట్టపరంగా వాళ్ల నాన్న ఏమీ ఆపలేడు, ఆ విషయం గ్రేస్‌కి తెలుసు, అయినా ఆగాలనిపిస్తుంది చూడు, అక్కడుంది ప్రేమకథ. గవర్నమెంటు వాళ్లు నీకు 30 రోజుల టెన్షన్ ఊరికే ఇస్తే నువ్వు ఆటో ఎక్కించి బిర్యానీ తినిపించావ్.

రీసెర్చ్ అంటే నా దృష్టిలో ఇదే, ఊటీ వెళ్లి పొగమంచు చూసి రావడం కాదు. ఒకరోజు సెలవు పెట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చో, ఎవరూ ఏం అనరు, అక్కడ సగంమంది ఊరికే కూర్చునేవాళ్లే. మ్యారేజ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన జంటలు చేతుల్లో ఫైళ్లు ఎలా పట్టుకుంటారో, సాక్షిగా వచ్చిన ఫ్రెండు ఎన్నిసార్లు టైమ్ చూసుకుంటాడో రాసుకో.

మాటల సంగతి ఒకటి. గ్రేస్ రఘుని మూడో ఎపిసోడ్‌లో మీరు అంటుంది, నాలుగులో నువ్వు, ఐదులో మళ్లీ మీరు, నీకే గుర్తులేక అలా అయినట్టుంది. తెలుగులో రాసేవాళ్లకి ఇంత సులువైన పనిముట్టు చేతిలో ఉంటే వృథా చేస్తారా ఎవరైనా? మొదటిసారి నువ్వు అన్న చోటు నువ్వే నిర్ణయించు, అది గొడవలో రావాలా, జ్వరంలో ఉన్నప్పుడు రావాలా అని. అన్నాక అతను గమనించినట్టు ఒక్క ముక్క రాయి, లేదా గమనించనట్టు రాయి, ముద్దు సీన్ కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది. ముద్దు సీన్లు రాయొద్దని కాదు, రాయి, కానీ నువ్వు సిగ్గుపడుతూ సినిమా పాటలా మబ్బులూ పూలూ పెట్టేశావ్. రాయడం ఇబ్బందిగా ఉంటే తలుపు దగ్గరే ఆపెయ్, ఏం తప్పులేదు.

రోజుకో ఎపిసోడ్ వెయ్యాలా అని అడిగావ్ కదా. నవల చివరిదాకా ఒక చిత్తుప్రతి అయ్యేవరకు ఒక్క ఎపిసోడ్ కూడా వెయ్యొద్దు అంటాను నేను, చాదస్తం అనుకో. వీక్లీలకి రాసేటప్పుడు కూడా చివరి అధ్యాయం ముందు రాసి పెట్టుకునేదాన్ని, ఎందుకంటే ఉత్తరాలు మొదలవుతాయి, ఆ పిల్లని చంపొద్దండీ, బావకే ఇవ్వండీ అని, మనసు మెత్తబడిపోతుంది. మాకు ఉత్తరం రావడానికి వారం పట్టేది, నీకు కామెంట్ పది నిమిషాల్లో వస్తుంది, ఇంకా కష్టం. కామెంట్లు చదువు, కథ మాత్రం మార్చకు. అందరూ ఎక్కడ విసుక్కున్నారో చూసుకో, అది పనికొస్తుంది, ఏం జరగాలో వాళ్లు చెప్పేది పనికిరాదు.

డబ్బు గురించి మొహమాటంగా చివర్లో అడిగావు, మొదట్లోనే అడగాల్సిన విషయం. టెస్టింగ్ ఉద్యోగం మానకు. తెలుగులో నవలల మీదే బతకడం మా రోజుల్లోనే కొద్దిమందికి కుదిరింది, కరోనా దెబ్బకి ఉన్న వీక్లీలు కూడా కొన్ని ఆగిపోయాయి. ఇప్పుడు యాప్‌లు, ఆడియో సిరీస్‌లు వచ్చాయి, డబ్బులు వస్తున్నవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ అగ్రిమెంట్ చదవకుండా ఓకే నొక్కకు. హక్కులు రాసివ్వడం అంటే కాగితం మీద సంతకంతో జరగాలి, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఎంత డబ్బు అనేవి అందులో ఉండాలి. 1957 కాపీరైట్ యాక్ట్ ప్రకారం ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లే అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఈ ముక్క తెలిసినవాళ్లు కాబట్టే ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో’ అని ముందే కొట్టించి పెడతారు. అన్ని రూపాలు అంటే ఆడియో, వెబ్ సిరీస్, వేరే భాషలు అన్నీ అందులో పడిపోతాయి. నాకు తెలిసిన ఒకావిడ సీరియల్ ఆడియోగా వస్తోందని ఆవిడకి చెల్లెలి కూతురు చెప్తే తెలిసింది, పైసా రాలేదు, తీరా తీసి చూస్తే సంతకం ఆవిడదే.

నీకు వచ్చిన ఆఫర్ ఏ రకందో నువ్వు రాయలేదు. ఆ అగ్రిమెంట్ పీడీఎఫ్ మొత్తం పంపు, స్క్రీన్‌షాట్లు కాదు, నేను చూసి ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకు. ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటా.

ఉంటా మరి,
పిన్ని