ఆపరేషన్‌కి ముందు డాక్టర్ అన్నీ చెప్పాల్నా?
సంతకం పెట్టినంక అడిగే హక్కు ఉండదా అని అడిగిండ్రు కదా, ఉంటది. మా నల్లగొండ దిక్కు ఎట్లుంటదంటే పేషెంట్ స్ట్రెచర్ మీద ఉంటడు, నర్సు ఇంగ్లీష్ ఫారం తెచ్చి ఇంటు మార్కు కొట్టిన కాడ సంతకం పెట్టుమంటది, బామ్మర్దో కొడుకో చదవకుండనే గీకేస్తడు. అది సంతకమే గాని ఒప్పుకున్నట్టు కాదు.

2008ల సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసుల తేల్చింది ఇదే. ఆమె ఒప్పుకుంది లాపరోస్కోపీకి (చిన్న రంధ్రం పెట్టి కెమెరాతోని కడుపు లోపల చూసే పరీక్ష), మత్తుల ఉండంగ తల్లిని అడిగి గర్భసంచి, ఓవరీలు (అండాశయాలు) తీసేసిండ్రు, ఆమె మేజర్, అప్పటికప్పుడు ప్రాణం మీదికి కూడా రాలే, అందుకే తల్లి ఒప్పుకోలు చెల్లదన్నది కోర్టు.

ఏం చేస్తరు, ఎందుకు, పెద్ద రిస్కులేంది, వేరే దారి ఉందా, చేయించుకోకుంటే ఏమైతది, ఇవన్నీ డాక్టర్ మీకు అర్థమయ్యే భాషల చెప్పాలె. ఎన్నడో ఒకరికి వచ్చే అరుదైన ప్రమాదాలు మాత్రం ఏకరువు పెట్టనక్కర్లే. యాక్సిడెంట్ల స్పృహ లేక ప్రాణం పోయేటట్టు ఉంటే ఎవరి సంతకం కోసం ఆగనక్కర్లే, అది వేరే.

చెప్పకుండ చేసిండ్రనుకుంటే ముందుగాల ఆస్పత్రిని కేస్ షీట్ (మీకు చేసిన వైద్యం రాసిన రికార్డు) కాపీ రాతపూర్వకంగ అడుగుండ్రి, 72 గంటలల్ల ఇయ్యాలె. వినియోగదారుల కమిషన్ల కేసు ఏస్తే మాత్రం 2 ఏండ్ల లోపే.