పాత ఆపిల్ చెట్టును నరకాలా, బతికించుకోవాలా?

ప్రశ్న: మేము కొన్న ఇంటి పెరట్లో పాత ఆపిల్ చెట్టు ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని లోపలంతా చీకటి. నిమ్మకాయంత కాయలు అందనంత పైన కాస్తున్నాయి. మొదలంటా నరికించమని కొందరంటే, పైభాగమంతా ఒకేసారి కొట్టించేద్దామని మా వారు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దమ్మా! ముందు రెండు మూడు కొమ్మల బెరడును గోటితో గీకి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉన్నట్టు. మాను తొర్రపడినా దిగులు పడకండి. నీరు, ఆహారం ప్రవహించేది బెరడుకు దగ్గరగా ఉన్న పొరల్లోనే.

ఇక మీ వారికి ఈ మాట చెప్పండి. పైభాగమంతా ఒక్కసారే కొట్టేస్తే, అంత పెద్ద చెట్టును పోషించిన వేళ్ల బలమంతా మిగిలిన మోడులోకి ఎగదన్నుతుంది. నీటి కొమ్మలు, అంటే నిటారుగా ఏపుగా ఎదిగే పూత లేని కొమ్మలు, గుంపులుగా లేస్తాయి, కొన్నేళ్లపాటు పూత ఉండదు. అందుకే ఏ ఏడాదీ పావు వంతుకు మించి తీయకూడదు. పని మూడు శీతాకాలాలకు పంచుకోండి. ఆకు రాలిన తర్వాత, మొగ్గ విచ్చకముందే ముగించాలి.

మొదటి ఏడాది ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి తీస్తే చాలు. తెగులు కొమ్మను కోసిన ప్రతిసారీ రంపాన్ని స్పిరిట్‌తో తుడవండి. లోపలికి వెలుగు రావడం అప్పుడే మొదలవుతుంది. ఎత్తు తగ్గించడం తర్వాతి ఏళ్ల పని.

కోసే చోటు అన్నిటికన్నా ముఖ్యం. కొమ్మ మానును కలిసేచోట ముడతలు పడి కొంచెం ఉబ్బిన వలయం కనిపిస్తుంది. గాయాన్ని మూసే కణజాలం పుట్టేది అక్కడే. దాన్ని తాకకుండా, దానికి ఆనుకుని బయటివైపు కోయండి. బరువైన కొమ్మైతే మానుకు ఒక అడుగు దూరంలో ముందు కింది నుంచి కొద్దిగా కోసి, ఇంకాస్త బయటగా పైనుంచి కోసి పడగొట్టి, మిగిలిన మోడును చివరగా తీయాలి. లేకపోతే కొమ్మ విరిగి పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. కోతకు రంగు, తారు పూయకండి. గాయం దానంతట అదే మానాలి.

ఒక్క సంగతి మాత్రం మరీ మరీ చెబుతున్నాను. పాత కొమ్మల మీద వేలెడు పొడవున, గణుపులు గణుపులుగా, ముడతలు పడిన పొట్టి రెమ్మలుంటాయి. చూడటానికి ఎండుపుల్లల్లా ఉంటాయని చాలామంది గీకి పారేస్తారు. ఎంత అన్యాయం! కాపు వచ్చేది వాటి మీదే. చివర లావుగా, నూగుతో ఉన్నవి పూమొగ్గలు. సన్నగా కొమ్మకు అంటుకుని ఉన్నవి ఆకుమొగ్గలు.

వేసవిలో నీటి కొమ్మలు లేతగా ఉన్నప్పుడే చాలావరకు తీసేసి, ఖాళీ ఉన్నచోట ఒకటి రెండు ఉంచండి. ఈ ఏడాది నత్రజని ఎరువు వేయకండి, అది నీటి కొమ్మలనే పెంచుతుంది. పిందె పడ్డాక గుత్తికి ఒకటి చొప్పున ఉంచితే కాయ పరిమాణం పెరుగుతుంది. పూత విరగబూసినా పిందె నిలవకపోతే పరాగసంపర్కం సంగతి చూడాలి. దగ్గరలో అదే సమయంలో పూసే మరో రకం ఆపిల్ లేకపోతే ఒకటి నాటండి.