సముద్రపు పాముల్లో వాసన జన్యువులు పాడైనట్టు కనిపిస్తే

సముద్రపు పాముల వాసన జన్యువులు పాడైపోయినట్టున్నాయి, మరి అవి సొంత జాతిని ఎలా గుర్తుపడతాయని అడిగారు. మీరు వెతికింది ముక్కులో వాసన పట్టే ఓఆర్ (ఓల్ఫాక్టరీ రిసెప్టార్) జన్యువులనే. ఒడ్డుకు రాని హైడ్రోఫిస్ పాముల్లో అవి నిజంగానే చాలా పోయాయి. "మరి జాతిని ఎలా గుర్తుపడతాయి" అన్న చిక్కు అక్కడిదే.

1. నాలుక తెచ్చే రసాయనాలను పసిగట్టేది అంగిట్లోని జేకబ్సన్ అవయవం. దాని వీ2ఆర్ (ఆ రసాయనాలను గుర్తించే గ్రాహకాల) జన్యువులు వెతకండి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఓఆర్ కోడింగ్ భాగం (ప్రోటీన్ సూచన) ఒకే ఎక్సాన్ (జన్యువులో ఆ సూచన ఉండే ముక్క), వీ2ఆర్‌ది చాలా ఎక్సాన్లు. బ్లాస్ట్ (డీఎన్ఏ వరుసల్లో పోలికలు వెతికే ప్రోగ్రామ్) ఇచ్చిన ముక్కలను విడివిడిగా లెక్కేస్తే మంచి జన్యువు కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. ముక్కలు కలిపాకే స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపే గుర్తులు) చూడండి. అసెంబ్లీలో (డీఎన్ఏ ముక్కలు అతికి కట్టిన జీనోమ్‌లో) ఖాళీ ఉంటే దాన్ని పాడైనదని రాయొద్దు.

3. పోలికకు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే లాటికాడా సముద్రపు పాములను పెట్టండి. వాటి మగపాములు ఆడపాము చర్మంలోని కొవ్వులతో సొంత జాతిని గుర్తిస్తాయి. అలాగని వీ2ఆర్ వల్లే జాతులు విడిపోయాయని తేల్చేయకండి.

విశాఖ ఫిషింగ్ హార్బర్ వలల్లోంచి శాంపిల్ తెస్తానన్నారు. చచ్చిన పామునైనా చేత్తో పట్టొద్దు.