హెలిక్స్ బ్రిడ్జికి వెళ్లే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని సింగపూర్‌లో మెరీనా బే నీళ్ల మీదున్న కాలినడక వంతెన, హెలిక్స్ బ్రిడ్జి చూడబోతున్నామని, దానికి ఎంతసేపు కేటాయించాలని అడిగావు. పొడవు 280 మీటర్లే, దాటడానికి ఐదు నిమిషాలు చాలు. చిక్కంతా అక్కడే ఉంది. మధ్యాహ్నం మూడింటికి వచ్చి, చెమటలు కక్కుతూ ఇటు నుంచి అటు నడిచి, "ఓస్, ఇంతేనా" అని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. దాన్ని వెలుతురులో ఒకసారి, దీపాలు వెలిగాక ఇంకోసారి చూడాలి. రెండు గంటలు పెట్టుకో. టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ఆ ఊరు భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడవునా పొద్దు గుంకేది ఏడింటికి కాస్త అటూ ఇటూగానే. మునిమాపు ఎక్కువసేపు సాగదు, ఇరవై నిమిషాల్లో చీకటి పడిపోతుంది. సాయంత్రం ఆరుంబావుకల్లా బ్రిడ్జి దగ్గర ఉండండి.

మీ బస లిటిల్ ఇండియాలోనే కదా. అక్కడ డౌన్‌టౌన్ లైన్, అంటే నీలం గీత రైలు ఎక్కితే మూడో స్టేషన్ ప్రొమెనాడ్, నాలుగోది బేఫ్రంట్. బ్రిడ్జికి ఈ కొస ఒకటి, ఆ కొస ఒకటి. వెళ్లేటప్పుడు ప్రొమెనాడ్‌లో దిగి, సింగపూర్ ఫ్లయర్ జెయింట్ వీల్‌ను గుర్తు పెట్టుకుని నీళ్ల వైపు నడవండి. తిరిగొచ్చేటప్పుడు బేఫ్రంట్‌లో ఎక్కండి. అలా అయితే నడిచిన దారే మళ్లీ నడిచే పని ఉండదు, పైగా తామరపువ్వులాంటి ఆర్ట్‌సైన్స్ మ్యూజియం మీ ఎదురుగా పెరుగుతూ వస్తుంది. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకించినా పనిచేస్తుంది, కానీ మనిషికో కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ముగ్గురిని లోపలికి పంపబోతే మామగారు బయటే నిలబడిపోతారు. మన దేశపు కార్డుకు కొంత అదనపు రుసుము కూడా పడుతుంది. రైల్లో తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లయినా సరే. పులిహోర డబ్బా సంచిలోనే ఉండనీ.

టాక్సీ అయితే డ్రైవరుకు బ్రిడ్జి పేరు చెప్పొద్దు. అది కాలినడకది, పక్కనున్న బేఫ్రంట్ రోడ్డు వంతెన మీద బండి ఆపరు. ఆర్ట్‌సైన్స్ మ్యూజియం అనో, సింగపూర్ ఫ్లయర్ అనో చెప్పు.

ఇక బ్రిడ్జి సంగతి. 2010లో తెరిచారు. డీఎన్‌ఏ మెలిక ఆకారం అని అందరూ చెబుతారు గానీ, కాస్త ఆగి చూడాల్సింది ఆ మెలిక చేసే పని. లోపలొకటి, బయటొకటి, ఉక్కు గొట్టాల చుట్లు రెండున్నాయి. అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. రెండూ నేరుగా కలిసేది మన కాళ్ల కింద, నడిచే పలక అడుగున మాత్రమే. మిగతా చోట్ల సన్నటి కడ్డీలు, రింగులు వాటిని ఎడంగా పట్టి ఉంచుతాయి. రెండూ కలిసి ఒకే గొట్టంలా బరువు మోస్తాయి కాబట్టే అంత సన్నటి ఉక్కు సరిపోయింది. పైకి చూస్తూ నెమ్మదిగా నడిస్తే గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటాయి, నిలబడితే ఆగిపోతాయి. మీ మరిది బైపీసీ కదా, చీకటి పడ్డాక నేల మీద ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల్లో జంటలుగా కనబడే సి-జి, ఏ-టీ అక్షరాలు ఏమిటో అతన్నే చెప్పమను.

బే వైపు గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చిన చోట్లున్నాయి. తాపీగా నిలబడాల్సింది అక్కడే. పడమర అటే, సూర్యుడు ఆఫీసు మేడల వెనక్కి దిగుతాడు. పెద్దవాళ్లను ఆ మేడల ముందు నిలబెట్టి ఫొటో తీస్తే ఏడింటి లోపు ముఖాలు నల్లగా వస్తాయి, వెలుతురు వెనకనుంచి కదా. నువ్వు బేకు వీపు పెట్టి, వాళ్లను నీ వైపు తిప్పుకో. ఎండ ముఖాన పడుతుంది, వెనక ఉక్కు మెలికలు వస్తాయి. మేడల ఫొటో దీపాలు వెలిగాక, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడు తియ్యి. ఫోన్‌ను రెయిలింగుకు ఆనించి నొక్కితే అదరదు.

ఏడున్నర దాటగానే మెరీనా బే సాండ్స్ హోటల్ ముందున్న ఈవెంట్ ప్లాజాకు చేరండి. అక్కడ రోజూ రాత్రి ఎనిమిదికీ తొమ్మిదికీ స్పెక్ట్రా అనే నీళ్లు, లేజర్ల ప్రదర్శన ఉంటుంది. ఉచితం, పావుగంట. కొందరు బ్రిడ్జి మీదనుంచే చూద్దామని ఆగిపోతారు. అక్కణ్ణుంచి లేజర్లు కనబడతాయి గానీ నీటి తెర మీది బొమ్మలు సరిగా కనబడవు. మరీ ముందు వరసలో కూర్చోకండి, గాలి ఇటు తిరిగితే తుంపర మీద పడుతుంది. అత్తగారి మోకాళ్లు సహకరిస్తే గార్డెన్స్ బై ద బే అనే తోటలో 8:45కి సూపర్‌ట్రీల, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల దీపాలు కూడా అందుతాయి. బలవంతం మాత్రం చెయ్యకు. అక్కడ దూరాలు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, నడిస్తే తెలుస్తుంది. బే చుట్టూ మొత్తం మూడున్నర కిలోమీటర్లు, ఆ పని మీ ఇద్దరూ ఇంకో రోజు పెట్టుకోండి.

వాన చెప్పి రాదు. బ్రిడ్జి పైన అక్కడక్కడా గాజు, జల్లెడ రేకు పందిరి ఉంది, అది నీడకే గానీ వానకు ఆగదు. ఉరుములు మొదలైతే ఎదురుచూడకుండా పక్కనున్న షాపింగ్ మాల్‌లోకి వెళ్లిపోండి. బాత్‌రూములు కూడా అందులోనే, బ్రిడ్జి మీద లేవు.

మీరు వెళ్లే తేదీ రాయలేదు. ఆగస్టు 9 వాళ్ల జాతీయ దినోత్సవం, డిసెంబరు 31 రాత్రి బాణసంచా. ఈ రెండు రోజులూ పెద్దవాళ్లతో అటు పోవద్దు, జనం తొక్కిడి. ఫార్ములా వన్ రేసు వారంలో ఆ చుట్టుపక్కల దారులే మూసేస్తారు. విమానం టికెట్లు కొనే ముందే ఆ రేసు తేదీలు చూసుకో.

మీ పెద్దమ్మ