స్క్రీన్ ఆరేదాకా ఆగు, చిట్టీ

చి. చిట్టికి,

మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, విశాఖలో లాసన్స్ బే కాలనీలో గది తీసుకుని, కుర్ర బ్యాండ్‌లకి టీషర్టులూ పోస్టర్లూ సొంతంగా స్క్రీన్ ప్రింట్ చేసి అమ్మబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడకి కోపం. నాకు మాత్రం, ఆవిడ ముందు ఒప్పుకోలేదు గానీ, లోలోపల సంతోషమే. బొమ్మ కంప్యూటర్‌లో గీసి ప్రింటింగ్ ఎవరికో అప్పజెప్పేవాళ్లు కోకొల్లలు; రంగు చేతికి అంటించుకుంటానని వచ్చేవాళ్లు తక్కువ. కానీ సముద్రానికి రెండు వీధుల దూరంలో గది అన్నావు చూడు, అక్కడే నాకు దిగులు పట్టుకుంది. సంగతి తర్వాత చెప్తాను. ముందు చిన్నవి తేల్చేద్దాం.

స్క్రీన్ అంటే నీకు తెలిసిందే, ఫ్రేముకి బిగించిన సన్న వల, ఆ వలే మెష్. ఫ్రేములు అల్యూమినియంవే తీసుకో, మన గాలికి చెక్క వంకర పోతుంది. బట్టకి 43టి మెష్ (సెంటీమీటరుకి 43 దారాలు), సన్న గీతలూ చుక్కలూ ఉంటే 77టి, కాగితానికి 120టి. స్క్వీజీకి, అంటే రంగుని మెష్ మీద లాగే పట్టీకి, రబ్బరు గట్టిదనం 65 నుంచి 70 షోర్ మధ్య ఉండాలి. స్క్రీన్‌కీ బట్టకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే బట్ట స్క్రీన్‌కి అతుక్కుని అంచులు అలుక్కుపోతాయి. ఇవి ఎవర్ని అడిగినా చెప్తారు.

టీషర్టుల దగ్గర మాత్రం ఎవరి మాటా నమ్మకు. 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో ఆ లెక్క) అని చెప్పి 150ది అంటగట్టడం మామూలే. బట్టలోంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరం కత్తిరించి, బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టు. ఎన్ని గ్రాములొస్తే దాన్ని వందతో గుణించు. 1.8 గ్రాములుంటేనే 180. ఇంకో ముక్క మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి ఆరాక మళ్లీ కొలువు. 47న్నర కంటే తగ్గితే ఆ సరుకు వద్దు. ఇప్పుడు కుర్రాళ్లు వేసే వదులు చొక్కాలకి, భుజం కిందకి జారే కోతకి, 240 జీఎస్‌ఎం అయితే ఒడుపుగా నిలబడుతుంది, నిజమే. కానీ మే నెలలో ఆర్కే బీచ్‌లో అది వేసుకుని నిలబడి చూడు! ఇక్కడ అమ్మేదానికి 180, 200 చాలు. ఛాతీ నిండా ప్లాస్టిసాల్ (వేడికి గట్టిపడే ప్లాస్టిక్ రంగు) పలకలా పరిచినా అంతే, దాని కింద చెమట ఆరదు. పెద్ద బొమ్మ అయితే వాటర్ బేస్ రంగు వాడు, లేదా బొమ్మ మధ్యలో బట్ట కనబడేలా ఖాళీలు వదులు.

బ్యాండ్‌లని ఎలా వెతుకుతున్నావో మీ అమ్మ చెప్పలేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోయర్లని చూసి మాత్రం కాదని అనుకుంటాను. బ్యాండ్‌లు తమ పాటలు తామే అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఊరి పేరుతోనూ భాష పేరుతోనూ ట్యాగులుంటాయి, వాటితో మొదలుపెట్టు. ఒక ఆల్బమ్ నచ్చితే దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు ఆ పేజీలోనే వరుసగా కనబడతాయి. ఒక్కొక్కరి మీద నొక్కితే వాళ్లు ఇంకా ఏమేం కొన్నారో తెలుస్తుంది. ఏ యంత్రం చేసే సిఫారసు కంటే అది మేలు. తర్వాత క్రెడిట్స్ చదువు. మిక్సింగ్ ఎవరు చేశారు, కవర్ ఎవరు గీశారు? ఆ ఇద్దరి పేర్లు పట్టుకుని వెళితే ఇంకో పది బ్యాండ్‌లు, ఇంకో పదిమంది ఆర్టిస్టులు తగులుతారు. పుణెలో 2010లో మొదలైన ఎన్‌హెచ్7 వీకెండర్ సంగీతోత్సవం, అరుణాచల్‌లో 2012లో మొదలైన జీరో ఫెస్టివల్, వీటి పాత పోస్టర్లు తీసి అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చూడు. పైనున్న పెద్ద పేర్లకి టీషర్టులు వేసేవాళ్లు ఈపాటికే ఉంటారు, నీకు కావలసినవాళ్లు ఆ కింది వరుసలో ఉంటారు. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ పాటల మీద 15 శాతం, టీషర్టుల్లాంటి సరుకు మీద 10 శాతం తీసుకుంటుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా వదిలేస్తోంది. కొత్త టీషర్టు విడుదల అలాంటి శుక్రవారానికి పెట్టుకో. ఇంకో మాట: ఎవరికైనా మాటిచ్చే ముందు వాళ్లు స్టేజీ మీద వాయిస్తుంటే ఒక్కసారైనా విను. రికార్డింగు బాగుండి, మనుషులు మాట మీద నిలబడనివాళ్లయితే సరుకు నీ గదిలోనే ఉండిపోతుంది.

బొమ్మల విషయం. డాల్ఫిన్స్ నోస్, కుర్సురా సబ్‌మెరైన్, వెనక సూర్యుడు. దయచేసి ఇంక వద్దు తల్లీ. ఫిషింగ్ హార్బర్‌లో పడవల ముక్కుల మీద రాతలు చూడు, పూర్ణా మార్కెట్‌లో పాత షట్టర్ల మీద అక్షరాలు చూడు. ఫ్లెక్సీ రాకముందు జగదాంబ దగ్గర సినిమా బ్యానర్లు చేత్తో రాసేవాళ్లు. రోడ్డు అవతల నుంచి బస్సులో వెళ్లేవాడికి కూడా అందేలా గీతని ఎక్కడ లావు చెయ్యాలో, ఎక్కడ లోపలికి లాగాలో వాళ్లకి చేతిలో ఉండేది. ఆ చదువు నీకు పనికొస్తుంది, ఎందుకంటే తెలుగు అక్షరం స్క్రీన్ మీద తేలిగ్గా చస్తుంది. 43టిలో దారానికీ దారానికీ పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉన్న గీత తెగుతుంది, అంతకంటే ఇరుకైన సందు రంగుతో పూడుతుంది. థ కడుపులో చుక్క పోతే అది ధ. ధ కింద గీత తెగితే అది ద. ఒత్తులున్నచోట సందులు చేత్తో విడదీసి, అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, గోడకి అంటించి, గది ఆ చివర నుంచి చదువు. ఫాంట్లకి డబ్బు లేకపోతే రామభద్ర, సురవరం, ధూర్జటి, గురజాడ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, అమ్మే సరుకు మీదా వాడుకోవచ్చు. ప్రింటుకి ఇచ్చేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల్లోకి మార్చు, లేకపోతే అవతల కంప్యూటర్‌లో ఒత్తులు ఎగిరి పక్కన పడతాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఊళ్లో స్క్రీన్ ప్రింటింగ్ మొదలుపెట్టిన ప్రతివాడూ చేసే తప్పు ఒకటుంది: ఎమల్షన్ ఆరకుండానే ఎక్స్‌పోజ్ చెయ్యడం, అంటే వెలుతురు చూపించడం. ఎమల్షన్ మెష్ మీద పూసే పూత; వెలుతురు పడినచోట గట్టిపడుతుంది, ఫిల్ము మీది నల్ల బొమ్మ అడ్డుపడినచోట కడిగితే తెరుచుకుని రంగుకి దారిస్తుంది. వేలితో తాకి చూస్తారు, అంటుకోదు, ఆరిపోయిందనుకుంటారు. ఎమల్షన్ వడియం లాంటిది, పైన పెచ్చు కట్టాక కూడా లోపల పచ్చిగానే ఉంటుంది. లోపల నీళ్లుంటే ఎంత వెలుతురు పడినా అది పూర్తిగా గట్టిపడదు. మన ఊళ్లో గాలి తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే. డబ్బా మీద రాసిన ఆరే సమయం ఆ గాలికి రాసింది కాదు. అలాంటి గాలిలో ఫ్యాను పెడితే తేమనే తెచ్చి స్క్రీన్ మీద తిప్పుతున్నావన్నమాట. కిటికీ తెరిస్తే మరీ అన్యాయం, సముద్రం మొత్తాన్ని లోపలికి పిలిచినట్టే.

ఆరని స్క్రీన్ వెంటనే దొరికిపోతే బాధ లేదు. దొరకదు. కడిగినప్పుడు బొమ్మ తేటగానే తెరుచుకుంటుంది. లోపలి వైపు వేలు పెడితే కాస్త జిగురుగా జారుతుంది, దాన్ని పట్టించుకోరు. మొదటి పాతిక ప్రింట్లు బ్రహ్మాండం. ఆ తర్వాత సూదిమొన చుక్కలు మొదలవుతాయి, వాటి మీద టేపు అంటిస్తారు. ముప్ఫై దాటాక వాటర్ బేస్ రంగులోని నీళ్లకి ఎమల్షన్ అంచులు కరిగి, గీతలు లావెక్కుతాయి. అప్పుడు రంగుని తిడతారు, మెష్‌ని తిడతారు, వెలుతురు చాల్లేదని ఎక్స్‌పోజ్ టైము రెట్టింపు చేస్తారు. టైము పెంచితే ఫిల్ములో నలుపు గుండా కూడా వెలుతురు చొరబడి సన్న గీతలు మూసుకుపోతాయి. ఇక ఒక్క తప్పుకి నాలుగు తప్పులు. షో రేపు సాయంత్రం, బ్యాండ్ కుర్రాళ్లు ఫోన్ మీద ఫోను, యాభై టీషర్టుల్లో ఇరవై పాడు. ఏ తప్పుకి ఏది కారణమో తేలక ఈ పని వదిలేసినవాళ్లున్నారు.

నువ్వు చెయ్యాల్సిందిది. ఒక ప్లైవుడ్ పెట్టె చేయించు, స్క్రీన్‌లు పడుకోబెట్టి పెట్టేలా లోపల అరలు, తలుపుకి చుట్టూ రబ్బరు బీడింగ్. అందులో గాలిలో తేమ లాగేసే చిన్న డీహ్యూమిడిఫయ్యర్, గాలి తిప్పడానికి చిన్న ఫ్యాను, తేమ చూపించే హైగ్రోమీటరు పెట్టు. డబ్బు చాలకపోతే టీషర్టులు తగ్గించుకో, ఇది మాత్రం తగ్గించకు. తేమ 50 శాతం కిందికి దిగాలి, 40 అయితే ఇంకా మంచిది. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకు, దాటితే ఎమల్షన్ వేడికే కొంత గట్టిపడి తర్వాత కడిగినా తెరుచుకోదు. మెష్‌ని జిడ్డు పోయేలా కడిగాక అది కూడా ఈ పెట్టెలోనే పూర్తిగా ఆరాలి. ఆ తర్వాతే ఎమల్షన్, ప్రింటు వైపు ఒక పూత, స్క్వీజీ వైపు ఒక పూత. ఆరబెట్టేటప్పుడు ప్రింటు వైపు కిందకి ఉండాలి, ఎమల్షన్ బట్ట తగిలే వైపు పేరుకుంటుంది.

ఆరిందో లేదో వేలిని అడగకు, కాటాని అడుగు. వంటింట్లో తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద స్క్రీన్ తూచి బరువు రాసుకో. అరగంట ఆగి మళ్లీ తూచు. తగ్గితే లోపల ఇంకా నీళ్లున్నట్టే. రెండుసార్లు ఒకే బరువొచ్చిందా, అప్పుడు ఎక్స్‌పోజ్ చెయ్యి. టైము తెలుసుకోడానికి ఒకే స్క్రీన్ మీద అట్టముక్క జరుపుకుంటూ నిమిషం నిమిషం పెంచి మెట్లుగా పరీక్ష చెయ్యి. కడిగాక లోపలి వైపు జిగురు లేకుండా, సన్న గీత కూడా తెరుచుకున్న మెట్టు నీది. లైటు మారినా, ఎమల్షన్ మారినా పరీక్ష మళ్లీ చెయ్యాలి. ఎండలో ఎక్స్‌పోజ్ చేస్తే ఖర్చు లేదని ఎవరో ఒకరు చెప్తారు. మబ్బు పట్టిన నిమిషంలో లెక్కంతా తప్పుతుంది, వద్దు. కడిగిన స్క్రీన్ మళ్లీ ఆరాక గట్టిపడ్డానికి కాసేపు ఎండ చూపిస్తే మాత్రం మేలే.

రంగుకీ ఇదే జబ్బు. రాత్రంతా తాడు మీద వేలాడిన టీషర్టు పొద్దున్నకి ఆరినట్టే ఉంటుంది, రెండో ఉతుకులో బొమ్మ పోతుంది. ప్లాస్టిసాల్‌కి పొర అడుగుదాకా 160 డిగ్రీలు తగలాలి. వాటర్ బేస్‌కి ముందు నీరు పోవాలి, తర్వాత డబ్బా మీద చెప్పిన వేడి, చెప్పినంతసేపు. హీట్ ప్రెస్ (వేడి పలకతో నొక్కే యంత్రం) అయితే పైపలకని కాసేపు తాకించకుండా ఎత్తులో ఉంచి ఆవిరి పోనిచ్చి, అప్పుడు నొక్కు. ఇస్త్రీపెట్టెతో సరిపెట్టకు, ఒకచోట కాలుతుంది, ఒకచోట పచ్చిగా ఉంటుంది. ప్రతి బ్యాచ్‌లో ఒకటి పక్కన పెట్టి ఐదుసార్లు ఉతుకు. ప్లాస్టిసాల్ అయితే చేత్తో సాగదీసి చూడు, పగిలితే ఉడకలేదన్నట్టు. పోస్టర్లయితే, కాగితం కట్ట విప్పి ఒక రోజు గదిలోనే ఉంచు, రంగులన్నీ ఒకే రోజు వెయ్యి. రాత్రికి కాగితం తేమ తాగి సాగిందంటే రెండో రంగు పక్కకి జరుగుతుంది.

రసాయనాల గురించి వేడుకోను, ఆజ్ఞ అనుకో. కొట్లో చవగ్గా నారింజ రంగు పొడి చూపిస్తారు, అమ్మోనియం బైక్రోమేట్, పీవీఏ జిగురులో కలిపి ఎమల్షన్ చేసుకోమంటారు. ముట్టుకోవద్దు. చర్మాన్ని పుండు చేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది, డ్రెయిన్‌లో పోస్తే ఎటు వెళ్తుందో నీకు తెలుసు. డయజో రకం ఎమల్షన్ గానీ ఫొటోపాలిమర్ రకం గానీ కొను, వాటర్ బేస్ రంగుకి తట్టుకునే రకం అని అడిగి మరీ. స్క్రీన్ శుభ్రం చెయ్యడానికి బ్లీచింగ్ వాడితే, అదే గదిలో బాత్రూమ్ కడిగే యాసిడ్ ఉండకూడదు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్. గ్లౌజులు చెమట పడుతున్నాయని తీసెయ్యకు. చిన్నప్పటి నుంచీ నీ వేళ్లకి ఏది తగిలినా దద్దుర్లే, ఆ చేతుల్తోనే బొమ్మలు గీయాలి నువ్వు.

నేర్చుకోడానికి మంచి అదను మూఢం, ఆషాఢం. పెళ్లిళ్లుండవు, శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటర్లు ఖాళీగా ఉంటారు. వెళ్లి పక్కన నిలబడు, స్క్వీజీ ఎంత వంపులో పట్టుకుంటున్నారో చూడు. ఊరికే వెళ్లకు, ఏదైనా చిన్న పని ఇచ్చి, డబ్బిచ్చి చూడు.

స్నేహితులే కదా అని కాగితం లేకుండా పని మొదలుపెట్టకు. బొమ్మ గీసినవాళ్ల దగ్గర ఒక పేజీ రాయించుకో: ఏ బొమ్మ, ఎన్ని కాపీలు, ఎన్నాళ్లు, ఎంత. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసివ్వడం లిఖితంగానే జరగాలి; గడువు రాయకపోతే ఐదేళ్లు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. బ్యాండ్ లోగోకి కూడా అనుమతి అదే కాగితంలో ఉండాలి. పడవ మీద రాత నచ్చి ఫొటో తీశావా, రాసినవాణ్ని వెతికి డబ్బిచ్చి వాడు. సగం అడ్వాన్సు రాకుండా టీషర్టులు కొనకు. యాభై ఆర్డరుకి యాభైమూడు కొను, మూడు పాడవుతాయి.

గదికి ఇంకా అడ్వాన్సు కట్టలేదు కదా? కట్టేముందు గోడ మీద 16 ఆంపియర్ల ప్లగ్గు ఉందో లేదో చూడు. హీట్ ప్రెస్ రెండు వేల వాట్ల దాకా లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే కరిగిపోతుంది. ఓనరు చెయ్యనంటే వేరే గది చూసుకో, వీలైతే బీచ్‌కి దూరంగా, అక్కయ్యపాలెం వైపు. ఎమల్షన్ కొనే రోజు నాకు ఫోన్ చెయ్యి, డబ్బా మీద ఉన్నది చదివి వినిపించు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. క్లోరిన్ దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఆపేయమంటుంది.

మీ మావయ్య