వయొలిన్ నేర్చిన అమ్మాయి అరేంజర్ కావాలంటే

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. తొమ్మిదేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. కీబోర్డులో ట్రినిటీ గ్రేడ్ 5 పాసైంది. సినిమా పాటలకు అరేంజర్ అవుతానంటోంది. దీంతో బతకగలదా? బీటెక్ వద్దనుకోవాలా? - ఒక తల్లి, విజయవాడ

జవాబు: బతకవచ్చమ్మా. కాకపోతే నెల జీతం ఉండదు, పాటకింత అని మాట్లాడుకుంటారు. రాయల్టీ ట్యూన్ కట్టినవారికి, పాట రాసినవారికి వెళ్తుంది. అరేంజర్‌కు మామూలుగా ఒకసారి ఇచ్చే డబ్బే. ఈ సంగతి అమ్మాయికి ముందే తెలియాలి.

సంగీత దర్శకుడు ఇచ్చిన ట్యూన్ కింద వయొలిన్లు ఏం వాయించాలి, ఫ్లూట్ ఎక్కడ రావాలి, పల్లవికీ చరణానికీ మధ్య బిట్ ఎలా నడవాలి అన్నది అరేంజర్ రాస్తారు. పాత బొంబాయిలో ఈ పనిని నిలబెట్టింది చర్చి సంగీతం, పాశ్చాత్య నొటేషన్ (స్వరాలను కాగితం మీద రాసే పద్ధతి) వచ్చిన గోవా వాళ్లు. హిందీ సంగీత దర్శకులు శంకర్-జైకిషన్, ఓ.పి. నయ్యర్ పాటల వెనక అరేంజర్ సెబాస్టియన్ డిసౌజా ఉన్నారు. ఆ పాటలు తెలిసినవారిలో ఎందరికి ఆయన పేరు తెలుసు? ఇళయరాజా గారు కూడా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ గారి దగ్గర సహాయకుడిగా పనిచేశాకే సొంతంగా సినిమాలు చేశారు.

మీ అమ్మాయికి అసలు కష్టం గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించే చోట వస్తుంది. మన వయొలిన్‌లో గురువుగారి చేతిని చూసి, విని పట్టుకుంటాం. ఇప్పుడు మన సినిమాలకు కూడా హంగేరీలోని బుడాపెస్ట్ లాంటి చోట్ల ఆర్కెస్ట్రాతో రికార్డు చేయిస్తున్నారు. అక్కడి వాద్యకారులు కాగితం మీద ఉన్నదే వాయిస్తారు. కల్యాణి రాగంలో ఒక ఊపు కావాలంటే ఏది వాళ్లకు రాసివ్వాలి, ఏది ఇక్కడ సోలో వయొలిన్‌తో విడిగా తీసుకోవాలి అని తేల్చగలిగిన మనిషి విలువ చాలా ఎక్కువ. రెండు వైపులా చెవి ఉన్నవాళ్లు తక్కువ. మీ అమ్మాయి ఆ దారిలో సగం నడిచింది, అందుకే నాకు ఆశగా ఉంది.

మిగతా సగం హార్మొనీ (ఒకేసారి మోగే స్వరాలను జతపరచడం), స్కోరు (అన్ని వాద్యాలు వాయించాల్సింది ఒకే చోట) రాయడం. దానితోపాటు కంప్యూటర్ మీద వాద్యాల ధ్వనులతో పాటను పేర్చే ప్రోగ్రామింగ్ రావాలి, అది రాకపోతే ఈ రోజుల్లో స్టూడియోలో పని దొరకడం కష్టం.

బీటెక్ మానొద్దు, కానీ కాలేజీ ర్యాంకు కన్నా ఊరు చూడండి. స్టూడియోలు, వాద్యకారులు ఉన్న హైదరాబాదు లేదా చెన్నై అయితే సాయంత్రాలు పనికొస్తాయి. పూర్తిగా సంగీతమే చదువుతానని గట్టిగా అంటే, చెన్నైలో రెహమాన్ గారు 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. ఫీజు, ప్రవేశ పరీక్ష వివరాలు స్వయంగా వెళ్లి కనుక్కోండి.

పరీక్షలయ్యాక ఖాళీ దొరుకుతుంది కదా, అప్పుడు తనకిష్టమైన పాట ఒకటి తీసుకుని రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), ఒక చెల్లో (ఇంకా పెద్దది, కింది స్వరాలు పలికేది)కి రాయమనండి. కంప్యూటర్‌లో విని ఊరుకోకుండా మనుషులతో వాయించి చూడాలి. వయోలా, చెల్లో వాళ్లు దొరకకపోతే ఉన్న వయొలిన్లకే రాయనివ్వండి. ఫ్లూట్ కింది స్వరాలు వయొలిన్ల గుంపులో మునిగిపోతాయని, విల్లు తిప్పే టైం ఇవ్వకపోతే వాయించేవాళ్లు ఇబ్బంది పడతారని అలాగే తెలుస్తుంది. అలాంటివి నాలుగు పూర్తయ్యాక, ఆ కాగితాలు, రికార్డింగులు పట్టుకుని పనిచేస్తున్న అరేంజర్ ఎవరినైనా కలవండి. మీరు కూడా పక్కన ఉండండమ్మా.