ఏడాది సరుకులున్నాయి, మూడు రోజుల తిండి లేదు

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజరాజేశ్వరి పేట, కింద వాటా. పెళ్ళయినప్పటి నుంచీ ఏటా వేసవిలో ఏడాది సరుకులు వేసుకోవడం అలవాటు. కందిపప్పు, మినుములు, చింతపండు, కారం, పచ్చళ్ళు, అన్నీ. 2024 బుడమేరు వాగు వరదలో మొత్తం పోయాయి. అప్పట్నుంచి మా అబ్బాయి "ఇంకెందుకమ్మా ఈ డబ్బాలన్నీ, ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో వస్తాయి" అంటున్నాడు. నాకేమో మనసొప్పడం లేదు. వేసుకోమంటారా, మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా వంటిల్లే కళ్ళముందు కదిలింది. మాది సింగ్ నగర్. మాదీ కింద వాటాయే. ఆగస్టు 31, శనివారం రోజంతా కుండపోత. ఆదివారం తెల్లవారుజామున మంచం దిగితే కాలు నీళ్ళలో పడింది. లైటు వేయబోతే మావారు చెయ్యి పట్టుకుని ఆపి, ముందు మెయిన్ కట్టేశారు. వంటింట్లోకి వెళ్ళేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఏది తీసుకోవాలో తోచలేదు. ఆయన బీపీ మాత్రలు, నా చేతి సంచి పట్టుకుని పై వాటాకి ఎక్కేశాం.

ఆ పూట కింద నా వంటింట్లో ఏమున్నాయో చెబుతాను. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు, పది కిలోల కందిపప్పు, గుంటూరు నుంచి తెప్పించి ఆడించిన ఐదు కిలోల కారం, రెండు జాడీల ఆవకాయ, ఒక జాడీ మాగాయ, చింతపండు, నెయ్యి. పైన మేము పదకొండు మందిమి. అక్కడ ఉన్నవి రెండు కిలోల అటుకులు, అరకిలో బెల్లం, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒకటిన్నర క్యాను మంచినీళ్ళు. సిలిండర్ మెట్ల కింద ఉండేది, అది మునిగింది. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. పై వాటా ఇంటావిడ స్టీలు గ్లాసుతో కొలిచి పూటకి మనిషికో గ్లాసు నీళ్ళు ఇచ్చింది. అటుకుల మీద కాసిని నీళ్ళు చిలకరించి, బెల్లం తురిమి కలిపి, అరచేతిలో పట్టేంత పెట్టింది. పెద్ద రోడ్డు మీద పడవలు తిరుగుతున్న చప్పుడు వినిపించేది, డ్రోన్లతో పొట్లాలు వేస్తున్నారనీ విన్నాం. మా సందులోకి మాత్రం పడవ మూడో రోజు గాని రాలేదు. మెట్ల దగ్గర నిలబడి కిందకి చూస్తే మా వంటింటి కిటికీ సగానికి మునిగి కనిపించేది. ఆ కిటికీ వెనక ఏడాది తిండి ఉంది, మేము ఆకలితో ఉన్నాం.

నీళ్ళు తీశాక తలుపు తీసినప్పుడు ముందు వాసనే కొట్టింది. కందిపప్పు నాని ఉబ్బి స్టీలు డబ్బా మూతని పైకి నెట్టేసింది. బియ్యం బస్తా కుట్లు తెగి, లోపలి బియ్యం పులిసిన ముద్దయి కూర్చుంది. జాడీలు ఉన్నచోటే ఉన్నాయి. వాసెన కట్టిన తెల్ల గుడ్డ మీద మాత్రం బురద చార ఒకటి, గీత గీసినట్టు.

అందుకే నా జవాబు: వేసుకోండి. మానొద్దు. కానీ నిల్వ వేరు, గండం గడిపే తిండి వేరు. ఏడాది సరుకులన్నీ పొయ్యి వెలిగితే, మంచినీళ్ళు ఉంటే, నేల పొడిగా ఉంటే తినేవి. ఆ మూడూ ఒక్కసారే పోయిన రోజున కందిపప్పు తిండి కాదు. మనమెవరమూ అది ఆలోచించలేదు. మా అమ్మమ్మ ఆలోచించింది. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. తర్వాత బతికినన్నాళ్ళూ అటక మీద ఒక డబ్బాలో అటుకులు, బెల్లం, ఒక అగ్గిపెట్టె ఉంచేది. పాతబడితే మాకు పెట్టేసి కొత్తవి పోసేది. ఉప్పెన ఊళ్ళో వచ్చింది కానీ బెజవాడలో దేనికిలే అని నేను ఆ అలవాటు వదిలేశాను. అది నా తప్పు.

మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. ఆ రోజుల్లో ఫోను నొక్కితే ఎవరూ రాలేదు. ఛార్జింగే లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారం కూడా గుర్తు చేయండి, సరుకుల కోసం ఎంత టెన్షన్ పడ్డామో. రోడ్డు బాగున్నప్పుడు ఆ యాప్ మంచిదే, వాడుకోనివ్వండి. ఇంక బుడమేరు సంగతి. ఆ నీళ్ళని వెలగలేరు దగ్గర్నుంచి కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉంది. కానీ అప్పుడు కృష్ణే నిండుగా ఉంది, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పోవాల్సిన చోటికి పోలేని నీళ్ళు గట్లు తెంచుకుని మన ఇళ్ళ మీదకి వచ్చాయి. సెప్టెంబరు 7కి గాని మూడు గండ్లూ పూడలేదు. మేఘం, నది రెండూ ఒకేసారి నిండే రోజు మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. నలుగురికి, మూడు రోజులకి. రెండు కిలోల అటుకులు, కిలో పుట్నాల పప్పు, కిలో బెల్లం, అరకిలో పల్లీ చిక్కీ, ఉప్పు, పంచదార, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు. కడుపు నిండదు గానీ నీరసం రాదు. ఇవన్నీ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి పై వాటాలో పెట్టాను, ఆ ఇంటావిడని అడిగి. పై వాటా లేనివాళ్ళు అటక మీద పెట్టుకోండి. మనలో చాలామందిమి అటక మీద పాత బిందెలు, విరిగిన కుర్చీలు దాచి, తిండి మాత్రం నేల మీద పెడతాం.

నీళ్ళే అసలు సంగతి. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి మూడు లీటర్లయినా కావాలి. నలుగురికి మూడు రోజులంటే 36 లీటర్లు, రెండు పెద్ద క్యాన్లన్నమాట. అవి ఎప్పుడూ నిండుగా ఉండాలి. నెలకోసారి పాత నీళ్ళు గిన్నెలకి వాడేసి కొత్తవి పట్టండి. వర్షాల్లో సంపు మూత మీదుగా నీళ్ళు పొర్లితే ఆ సంపు నీళ్ళు తాగడానికి పనికిరావు. పటిక వేస్తే బురద అడుక్కి దిగుతుంది, అంతే. సూక్ష్మజీవులు చావవు. తెర్లే నీళ్ళు ఇంకో నిమిషం తెర్లనివ్వాలి. గ్యాస్ లేకపోతే క్లోరిన్ బిళ్ళ, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగాలి.

డబ్బాలోవి మృగశిర కార్తెకి ఒకసారి, దసరాకి ఒకసారి మార్చేయండి. ఒకటి వానలకి ముందు, ఇంకొకటి తుఫాన్లకి ముందు. తీసినవి పారేయనక్కర్లేదు, పోపు వేసి అటుకుల ఉప్మా చేసుకోవచ్చు. ఆధార్, పొలం కాగితాలు, బ్యాంకు పుస్తకం నకళ్ళు పాలిథీన్ కవర్లో పెట్టి అదే డబ్బాలో పడేయండి. టార్చి, పవర్ బ్యాంక్ కూడా.

ఏడాది సరుకుల్లో మాత్రం ఒక మార్పు చేశాను. ఇప్పుడు బియ్యం మూడు బస్తాలు తేవడం లేదు, ఒకటే తెస్తున్నాను. పచ్చళ్ళు పట్టినన్ని పడుతూనే ఉన్నాను. ఒక చిన్న జాడీ మాత్రం పైకి వెళుతుంది.

ప్రశ్న: అమ్మా, బియ్యానికి ముక్కు పురుగు పడుతోంది. తెలిసినవాళ్ళు గోదాముల్లో వాడే గ్యాస్ బిళ్ళ ఒకటి గుడ్డలో కట్టి డబ్బాలో పెట్టమన్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ఈ పూటే ఆ బిళ్ళని ఇంట్లోంచి తీయించేయండి. ఇంకా మూత తీయకుండా ఉంటే తెచ్చినచోటే తిరిగి ఇచ్చేయండి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫిన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మూసిన ఇళ్ళలో రాత్రి పడుకున్నవాళ్ళు లేవని సంఘటనలు మన దేశంలోనే ఉన్నాయి. గోదాముల్లో దాన్ని వాడేవాళ్ళకి శిక్షణ ఉంటుంది, తర్వాత గాలి ఆడించే పద్ధతి ఉంటుంది. మనింట్లో బియ్యం డబ్బా పక్కనే పిల్లల మంచం ఉంటుంది.

మీరు చేయాల్సింది, పాత బియ్యం మీద కొత్త బియ్యం పోయకపోవడం. పురుగు ఎక్కువగా అడుగున మిగిలిన పిడికెడు నుంచే పైకి వస్తుంది. డబ్బా ఖాళీ చేసి కడిగి ఎండలో బాగా ఎండనివ్వండి. బియ్యాన్ని మాత్రం గట్టి ఎండలో వేయకండి, పగిలి నూకవుతాయి. నీడలో ఆరబోసి చెరగండి. ఎండిన వేపాకు, నాలుగు ఎండు మిరపకాయలు వేస్తారు, వాటితో పురుగు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కందిపప్పుకైతే ఆముదమే. అరచేతులకి రాసుకుని, కిలో చొప్పున పళ్ళెంలో పోసి, ప్రతి బద్దా మెరిసేలా పట్టించండి. పుచ్చు దగ్గరికి రాదు. వండే ముందు వేడి నీళ్ళతో కడిగేస్తే సరి.

మిరపకాయల ఊళ్ళో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. కారం ఆడించే ముందు కాయని ఊపితే గింజ గలగలమనాలి, తొడిమ పుటుక్కున విరగాలి. మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టే. బూజు పట్టిన కాయని ఎండబెట్టి వాడేసుకుందాం అనుకోకండి. ఆ బూజు చేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. ఎండకీ పోదు, పొయ్యి మీదా పోదు. వేరుశనగ గుళ్ళకీ ఇదే మాట.

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్ళు, ఇన్సులిన్ మీద ఉన్నారు. మా పాపకి ఆరో నెల. రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: వాడుతున్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ బయట కూడా సుమారు నాలుగు వారాలు ఉంటుంది, గది మరీ వేడెక్కకపోతే. మన వేసవి గది మాత్రం వేడెక్కుతుంది. కొత్త మట్టి కుండ ఒకటి ఉంచుకోండి. అడుగున తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న గిన్నె పెట్టి, సీసాని కవర్లో చుట్టి అందులో ఉంచండి. ఇసుక ఆరిపోకుండా చూసుకుంటే చాలు. ఐస్ గడ్డల మీద నేరుగా పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మీ డాక్టర్‌ని ఒకసారి అడిగి, ఒక నెల మందులు, సిరంజీలు ఎక్కువ రాయించుకోండి. ఆవిడ తినలేని పూట సూది సంగతి ఏం చేయాలో కూడా డాక్టర్‌నే ముందుగా అడిగి ఉంచుకోండి. షుగర్ పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజ్ పొడి మీ డబ్బాలో ఉండాలి.

పాపకి మీ పాలే అన్నిటికన్నా మేలు. మీరు నీళ్ళు తాగుతూ ఉండండి, అందరికన్నా ఒక గ్లాసు ఎక్కువ. పాల పొడి తప్పదంటే కాచిన నీళ్ళతోనే కలపండి, సీసాతో కాక గిన్నె, చెంచాతో పట్టండి. సీసాని శుభ్రంగా కడిగే నీళ్ళు ఆ రోజుల్లో దొరకవు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, తల కొట్టి సమంగా. పాప కాబట్టి ఆలస్యం చేయక డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళండి.

ఫ్రిజ్ సంగతి క్లుప్తంగా. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. తర్వాత పాలు, పెరుగు, వండిన కూర మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: వరద నీళ్ళలో తడిసిన బియ్యాన్ని కడిగి ఎండబెట్టి వాడుకోవచ్చా? మూత గట్టిగా ఉన్న పచ్చడి జాడీ మునిగింది. పైపైన తీసేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పాయకాపురం

జవాబు: రెండూ వద్దు బాబూ. మీ ఇంట్లోకి వచ్చినవి వాన నీళ్ళొక్కటే కాదు. మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు, పెట్రోలు, చచ్చిన కోళ్ళు అన్నీ కలిసిన నీళ్ళు. బియ్యం గింజ ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఎండబెడితే నీరు పోతుంది, మిగిలినవి పోవు. తిప్పుడు మూత డబ్బాలు, వాసెన కట్టిన జాడీలు నీళ్ళని ఆపలేవు. సొట్ట పడని, తుప్పు పట్టని, ఫ్యాక్టరీ సీలు ఉన్న డబ్బా అయితే పైన సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి వాడుకోవచ్చు. ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. మా అమ్మ చేతి కొలతలతో పట్టిన ఆవకాయని నేనే పారతో తీసి గోనెలో వేశాను.

జాడీని మాత్రం పారేయకండి. లోపలి మెరుగు పగలకపోతే అది బాగుపడుతుంది. సబ్బుతో రుద్ది, బ్లీచింగ్ నీళ్ళలో ఒక పూట ఉంచి, నాలుగైదుసార్లు మంచినీళ్ళతో కడిగి, మరిగే నీళ్ళు పోసి, వాసన పూర్తిగా పోయేదాకా రోజూ ఎండలో పెట్టండి. మాది ఆరు రోజులు పట్టింది. మొన్న వేసవిలో మళ్ళీ అందులోనే మాగాయ వేశాను. ఇప్పుడది పై వాటాలో, ఆ ఇంటావిడ అటక మీద ఉంది.